తెలుగులో వెతికితే డ్రాప్ అవుతోంది, ఆంగ్లంలో వెతికినా ఒక్కోసారి అంతే: నా సిగ్నేచర్‌లో తప్పెక్కడ?

రాత్రికాపలా | సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక చిక్కుముడి విప్పలేక మీ ముందుకు వచ్చాను.

మా సైట్‌లో జనం దరఖాస్తులు, పత్రాల వివరాలు ఎక్కువగా తెలుగులోనే వెతుకుతారు. ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే అభ్యర్థనలను సర్వర్లకు పంచేది) ఉంది, టీఎల్ఎస్ గుప్తీకరణను అక్కడే విప్పుతాం. దాని వెనక సూరికాటా, అంటే దాడులను పట్టి ఆపే ఐపీఎస్ సాఫ్ట్‌వేర్, ఇన్‌లైన్‌లో (ట్రాఫిక్ దారిలోనే), ఆ వెనక రెండు వెబ్ సర్వర్లు. భద్రతా తనిఖీకి వచ్చినవారు "ఓవర్‌లాంగ్ యూటీఎఫ్-8 దాడులను పట్టే సిగ్నేచర్ లేదు" అని నివేదికలో రాసి వెళ్లారు. ఓవర్‌లాంగ్ అంటే అక్షరాన్ని అనవసరంగా ఎక్కువ బైట్లలో దాచడం, సిగ్నేచర్ అంటే దాడిని గుర్తుపట్టే రూల్. సరేనని రెండు రూల్స్ రాశాను. మొదటిది రా యూఆర్ఐలో (వచ్చింది వచ్చినట్టు ఉన్న చిరునామాలో) %సీ0%ఏఎఫ్ కోసం, అది రెండు బైట్లలో దాచిన వాలు గీత. రెండోది మూడు బైట్ల రూపం కోసం, అంటే %ఈ0%80%ఏఎఫ్. అయితే వాలు గీత ఒక్కటే ఎందుకు, చుక్కనూ ఇంకేదైనా అక్షరాన్నీ అలాగే దాచవచ్చు కదా అనిపించి, కంటెంట్‌ను (రూల్ వెతికే ముక్కను) %ఈ0 వరకే కుదించాను. చర్య డ్రాప్, అంటే పారేయడం.

ల్యాబ్‌లో కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి అభ్యర్థన పంపే పనిముట్టుతో) దాడి పంపితే ఆగింది. మామూలు పేజీలు తెరుచుకున్నాయి. శుక్రవారం సాయంత్రం అసలు సర్వర్ల ముందు పెట్టి ఇంటికి వెళ్లాను.

శనివారం పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. తెలుగులో వెతికితే పేజీ తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. రూల్ తీసేస్తే అంతా మామూలే. కాబట్టి దొంగ నా రూలే. ఇంతవరకు ఒప్పుకుంటాను. అర్థం కానిది ఇంకొకటి ఉంది. ఆంగ్లంలో వెతికినవారికి కూడా అప్పుడప్పుడు అదే ఇబ్బంది వచ్చింది. వారి యూఆర్ఎల్‌లో %ఈ0 ఎక్కడా లేదు. అలర్టుల లాగ్‌లో వారి అభ్యర్థన జాడే లేదు. ఇది ఎలా సాధ్యం?


గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 6:10

శుక్రవారం సాయంత్రం డ్రాప్ రూల్ పెట్టి ఇంటికి వెళ్లారా? మీ ధైర్యానికి దండం. నేనైతే ఆ రాత్రి అన్నం కూడా తినలేను.


ప్యాకెట్ పంతులు | మంగళవారం, ఉదయం 7:25

రాత్రికాపలా గారూ, మీ మొదటి సగానికి జవాబు నా దగ్గర ఉంది. రెండో సగానికి ఇంకెవరైనా చెప్పాలి.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు. యూనికోడ్‌లో తెలుగు గడి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. అది బైట్లుగా మారితే ఈ0 బీ0 80 దగ్గర మొదలై ఈ0 బీ1 బీఎఫ్ దగ్గర ముగుస్తుంది. అంటే తెలుగులో ఏ అక్షరం కొట్టినా, గుణింతపు గుర్తు కొట్టినా, పొల్లు కొట్టినా మొదటి బైట్ ఈ0. మనకే కాదు. దేవనాగరికి రెండో బైట్ ఏ4 లేదా ఏ5, తమిళానికి ఏఈ లేదా ఏఎఫ్, కన్నడకు బీ2 లేదా బీ3, మలయాళానికి బీ4 లేదా బీ5. మొదటి బైట్ మాత్రం అందరికీ ఈ0. ఇది ఈ లిపుల ఉమ్మడి ఇంటిపేరు అనుకోండి. మీరు ఇంటిపేరు చూసి దొంగ అని పట్టుకున్నారు.

ఓవర్‌లాంగ్ అంటే ఏమిటో కొత్తవారి కోసం చెబుతాను. వాలు గీతకు ఒక్క బైట్ చాలు, అది 2ఎఫ్. అదే విలువను అనవసరంగా రెండు బైట్లలో సాగదీస్తే సీ0 ఏఎఫ్, మూడు బైట్లలో సాగదీస్తే ఈ0 80 ఏఎఫ్. ముందు భద్రతా తనిఖీ చేసి ఆ తర్వాత డీకోడ్ చేసే సర్వర్ దీనికి మోసపోతుంది. 2000లో మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఇదే. మరుసటి ఏడాది సెప్టెంబరులో వచ్చిన నిమ్డా వార్మ్ పాకిన దారుల్లో అదొకటి. టామ్‌క్యాట్ అనే సర్వర్‌లో కూడా 2008లో %సీ0%ఏఈతో (అది సాగదీసిన చుక్క) డైరెక్టరీలు దాటే, అంటే సైట్ ఫోల్డర్ బయటి ఫైళ్లను చేరే, లోపం దొరికింది. అందుకే 2003 నాటి యూటీఎఫ్-8 ప్రమాణ పత్రం ఇలాంటి సాగదీసిన రూపాలను అంగీకరించకూడదని తేల్చి చెప్పింది.

ఇక కిటుకు ఇది. ఈ0 తర్వాత న్యాయంగా రాగల రెండో బైట్ ఏ0 నుంచి బీఎఫ్ వరకే. 80 నుంచి 9ఎఫ్ వరకు వచ్చిందంటే అది ఓవర్‌లాంగే. మీకు కావలసిన గుర్తు ఆ రెండో బైట్‌లో ఉంది, మీరు మొదటిదాని దగ్గరే ఆగిపోయారు.


జల్లెడ | మంగళవారం, ఉదయం 9:40

పంతులు గారు చెప్పింది రూల్‌లో పెట్టడం తేలిక. రా యూఆర్ఐ బఫర్‌లో కంటెంట్ %ఈ0% ఉంచండి, నోకేస్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడవద్దనే మాట) తగిలించండి. దానికి తోడు ఒక పీసీఆర్ఈ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే నమూనాతో వెతికే సూత్రం) వేసి, తర్వాతి అంకె 8 లేదా 9 అయితేనే పట్టమనండి. అయిపోయింది.


మైలురాయి | మంగళవారం, ఉదయం 10:05

జల్లెడ గారూ, ఫలితం సరైనదే కానీ ఖర్చు చూశారా?

సూరికాటా ప్రతి రూల్‌నూ ప్రతి ప్యాకెట్‌కూ పోల్చి చూడదు. రూల్‌లోంచి ఒక కంటెంట్‌ను ఫాస్ట్ ప్యాటర్న్‌గా ఎంచుకుని, అన్ని రూల్స్ ముక్కలనూ కలిపి ఒకేసారి వెతుకుతుంది. ఆ ముక్క దొరికిన రూల్స్‌నే పూర్తిగా పరీక్షిస్తుంది. ఫాస్ట్ ప్యాటర్న్ అంటే గేటు దగ్గర కావలివాడు. మీ రూల్‌లో ఆ కావలివాడు %ఈ0%. వీరి సైట్‌లో తెలుగులో వెతికే ప్రతి ఒక్కరూ ఆ గేటు దాటి లోపలికి వస్తారు, ప్రతి ఒక్కరి మీదా పీసీఆర్ఈ నడుస్తుంది. ఒక్క వెతుకులాటలో ఎన్ని ఈ0లు ఉంటాయో లెక్కపెట్టండి. "కుల ధ్రువీకరణ పత్రం" అన్నది యూనికోడ్‌లో 17 గుర్తులు, నడుమ రెండు ఖాళీలు. గుర్తుకు తొమ్మిది అక్షరాల చొప్పున అదొక్కటే 153 అక్షరాలు అవుతుంది. పీసీఆర్ఈ 17 చోట్ల ఆగి చూడాలి, 17 సార్లూ ఒట్టి చేతులతో తిరిగి రావాలి.

పీసీఆర్ఈ అసలు అవసరం లేదు. రెండు రూల్స్ రాయండి. ఒకదానిలో కంటెంట్ %ఈ0%8, ఇంకోదానిలో %ఈ0%9. ఐదైదు అక్షరాల సూటి ముక్కలు. మామూలు తెలుగు యూఆర్ఎల్‌లో ఇవి ఎక్కడా రావు, ఎందుకంటే ఈ0 ఎప్పుడూ అక్షరం మొదట్లోనే వస్తుంది, నడిమి బైట్‌గా రాదు. గేటు దగ్గరే పని ముగుస్తుంది.

రెండు బైట్ల రూపానికైతే ఇంకా సుఖం. సీ0, సీ1 అనే బైట్లు సరైన యూటీఎఫ్-8లో ఎక్కడా ఉండవు. ఆ రెండింటినీ ధైర్యంగా పట్టుకోవచ్చు.


జల్లెడ | మంగళవారం, ఉదయం 10:31

ఒప్పుకున్నాను. అయితే పీసీఆర్ఈ అనగానే అందరూ ఇలా ఉలిక్కిపడటం మాత్రం అతిగా ఉంది. నా దగ్గర నలభై రూల్స్‌లో ఉంది, ఏ సర్వరూ కుప్పకూలలేదు.


ప్యాకెట్ పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

కూలిన చోటు ఒకటి అందరికీ తెలిసిందే కదా జల్లెడ గారూ. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ వెబ్ ఫైర్‌వాల్‌లో ఒకే ఒక్క కొత్త రూల్, అందులో "ఏదైనా, మళ్లీ ఏదైనా, సమానం గుర్తు, మళ్లీ ఏదైనా" అనే తరహా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అది వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ వెతకడంలో పడి ప్రపంచమంతటా వారి సీపీయూలను నూరు శాతానికి తీసుకెళ్లింది. దాదాపు 27 నిమిషాల పాటు వారి వెనక ఉన్న సైట్లు తెరుచుకోలేదు. ఇందులో నాకు బాగా నచ్చే ముక్క, అంటే భయపెట్టే ముక్క, ఆ రూల్‌ను వారు ఎవరినీ ఆపకుండా కేవలం గమనించే పద్ధతిలోనే పెట్టారు. "ముందు అలర్ట్‌లో పెట్టాం, ప్రమాదం లేదు" అనే మాట అందుకే పూర్తిగా నిజం కాదు. అలర్ట్ పద్ధతి మీ వినియోగదారుడిని కాపాడుతుంది, మీ సీపీయూను కాపాడదు.

మీ నలభై రూల్స్‌కూ ముందు బలమైన కంటెంట్ ఉండి ఉంటుంది. అదే మిమ్మల్ని కాపాడుతోంది.


జల్లెడ | మంగళవారం, మధ్యాహ్నం 1:22

ముప్పై ఏడింటికి ఉంది. మిగతా మూడూ ఇప్పుడే చూస్తున్నాను.


కొత్తచిగురు | మంగళవారం, మధ్యాహ్నం 3:48

నేను ఈ రంగంలోకి వచ్చి ఆరు నెలలే. తప్పుగా అడిగితే మన్నించండి. ఎమర్జింగ్ థ్రెట్స్ ఉచిత రూల్స్ వేల సంఖ్యలో ఉన్నాయి కదా, సొంతంగా ఎందుకు రాయడం? రెండోది, నేను డైరెక్టరీ దాటే దాడి కోసం యూఆర్ఐ బఫర్‌లో రెండు చుక్కలు, వాలు గీత వెతికే రూల్ రాశాను. దాడి పంపితే ఒక్క అలర్ట్ కూడా రాలేదు. మూడోది, దాడుల యూఆర్ఎల్‌లు పొడవుగా ఉంటాయి కాబట్టి 150 అక్షరాలు దాటిన ప్రతిదాన్నీ ఆపేయవచ్చా?


గోదారిగట్టు | మంగళవారం, సాయంత్రం 4:02

మూడోదానికి జవాబు పైనే ఉంది చిగురు గారూ. "కుల ధ్రువీకరణ పత్రం" అని వెతికిన ముసలాయన మీ లెక్కలో హ్యాకర్.


మైలురాయి | మంగళవారం, సాయంత్రం 5:30

కొత్తచిగురు గారి రెండో ప్రశ్న చాలామంది తడబడే చోటు, కాస్త వివరంగా చెబుతాను. సూరికాటాలో మామూలు యూఆర్ఐ బఫర్ శుభ్రం చేసిన రూపం. శాతం గుర్తుల ముసుగు ఒకసారి తీసి, దారిలోని చుక్కల అడుగులను కూడా సరిచేసి ఉంచుతుంది. అంటే మీరు వెతికే రెండు చుక్కలు మీ రూల్ చూసే సమయానికే మాయమై ఉంటాయి. రా బఫర్‌లో అయితే వచ్చింది వచ్చినట్టు ఉంటుంది. దాడి దేనిని చేరాలనుకుంటుందో పట్టాలంటే శుభ్రం చేసినది చూడండి. దాడి ఎలా వేషం వేసిందో పట్టాలంటే రా చూడండి.

2021 అక్టోబరు నాటి అపాచీ వెబ్ సర్వర్ లోపం, సీవీఈ-2021-41773, దీనికి చక్కని పాఠం. 2.4.49 వెర్షన్‌లో రెండో చుక్కను %2ఈగా రాస్తే సర్వర్ దాన్ని డైరెక్టరీ దాటడంగా గుర్తించలేదు. 2.4.50లో సరిచేశామన్నారు. వెంటనే ఇంకొకరు ఆ %2ఈలోని అంకెలనే మళ్లీ ముసుగు వేసి పంపారు, అది కూడా దాటిపోయింది. చివరికి 2.4.51 రావలసి వచ్చింది. మొదటి రోజు వచ్చిన దాడి రూపాన్ని అచ్చంగా దించి రూల్ రాసుకున్నవారికి రెండో రూపం కనబడి ఉండదు.

మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం: ఊరందరి రూల్స్ ఊరందరి కోసం. మీ అప్లికేషన్‌లో ఏ పేజీకి ఏ పరామితి రావాలో ఆ రూల్స్ రాసినవారికి తెలియదు. మీ రసీదు పేజీలో సంఖ్య తప్ప ఇంకేమీ రాకూడదు అనుకోండి, ఆ ఒక్క మాటను రూల్‌గా రాస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కోసం వంద రూపాలు వెతకనక్కరలేదు. అది మీరే రాయగలరు.

సొంత రూల్స్‌కు ఎస్ఐడీ (రూల్ గుర్తింపు సంఖ్య) 10 లక్షల నుంచి 19,99,999 లోపు ఇవ్వండి. 20 లక్షల నుంచి ఎమర్జింగ్ థ్రెట్స్ వారిది. మార్చిన ప్రతిసారీ రెవ్ (సవరణ సంఖ్య) పెంచండి. పెంచకపోతే ఆరు నెలల తర్వాత ఏ అలర్ట్ ఏ రూపానికి వచ్చిందో దేవుడికి కూడా తెలియదు.

రాత్రికాపలా గారూ, ఇక మీ రెండో చిక్కు. ఒక్క ప్రశ్న. లోడ్ బ్యాలెన్సర్ నుంచి వెబ్ సర్వర్లకు కనెక్షన్లు ప్రతి అభ్యర్థనకూ కొత్తగా తెరుస్తున్నారా, తెరిచినవాటినే మళ్లీ వాడుతున్నారా?


రాత్రికాపలా | మంగళవారం, రాత్రి 9:15

మళ్లీ వాడతాం. కీప్ అలైవ్ ఉంది. ఎందుకు?


మైలురాయి | మంగళవారం, రాత్రి 9:50

అయితే ముడి విడిపోయింది.

బయట మీకు వెయ్యి మంది వినియోగదారులు ఉన్నా, లోడ్ బ్యాలెన్సర్‌కూ వెబ్ సర్వర్‌కూ మధ్య కొన్ని పదుల కనెక్షన్లే ఉంటాయి. ఒకే కనెక్షన్ మీద ముందు రామయ్య అభ్యర్థన వెళుతుంది, దాని జవాబు వచ్చాక అదే కనెక్షన్ మీద లక్ష్మమ్మ అభ్యర్థన వెళుతుంది. ఇది సిటీ బస్సు, ఎవరి కారు వారిది కాదు. సూరికాటా డ్రాప్ రూల్ తగిలినప్పుడు ఆ ఒక్క ప్యాకెట్‌నే కాదు, ఆ ఫ్లో (ఆ కనెక్షన్) మొత్తాన్నీ డ్రాప్ చేస్తుంది. ఒక ప్రయాణికుడి దగ్గర టికెట్ లేదని బస్సునే ఆపేసినట్టు.

అంతటితో ఆగదు. డ్రాప్ అంటే నిశ్శబ్దంగా పారేయడం. కనెక్షన్ చచ్చిందని లోడ్ బ్యాలెన్సర్‌కు ఎవరూ చెప్పరు. అది బతికే ఉందనుకుని గడువు ముగిసేదాకా ఎదురుచూస్తుంది, ఈలోగా అదే కనెక్షన్ మీద ఇంకొకరి అభ్యర్థనను ఎక్కించవచ్చు కూడా. మీ ఆంగ్ల వినియోగదారులు ఎక్కింది ఆ ఆగిపోయిన బస్సు. వారి అభ్యర్థనలో తప్పేమీ లేదు కాబట్టి వారి పేరు మీద అలర్ట్ రాదు. అందుకే లాగ్‌లో జాడ లేదు.


ఎర్రజెండా | మంగళవారం, రాత్రి 10:20

ఇదంతా చదివాక నా పాత మాటే మళ్లీ చెబుతాను. ఈ పని ఐపీఎస్‌ది కాదు. వెబ్ అభ్యర్థనను ఆపాలంటే అభ్యర్థన అంటే ఏమిటో తెలిసిన చోట ఆపాలి. రివర్స్ ప్రాక్సీలో (సర్వర్ల ముందుండే మధ్యవర్తిలో) మోడ్‌సెక్యూరిటీ అనే వెబ్ ఫైర్‌వాల్ పెట్టుకుంటే 403 (అనుమతి లేదు) ఇచ్చి ఆ ఒక్కరినే పంపేస్తుంది, పక్కవారికి తెలియదు కూడా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం దేనికి?


ప్యాకెట్ పంతులు | బుధవారం, ఉదయం 6:45

ఎర్రజెండా గారి మాటలో సగం నిజం. షేర్ చేసిన కనెక్షన్ల మధ్య కూర్చున్న ఐపీఎస్‌తో ఆపడం మోటు పని, కాదనను. కానీ వెబ్ ఫైర్‌వాల్ చూసేది తన గుండా వెళ్లే హెచ్‌టీటీపీనే.

2021 డిసెంబరు గుర్తుందా? జావా ప్రోగ్రాములకు లాగ్ రాసిపెట్టే లాగ్4జే లైబ్రరీలో లోపం, సీవీఈ-2021-44228, శుక్రవారానికల్లా అందరి నోటా అదే. మొదటి గంటల్లో అందరం డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్, జేఎన్‌డీఐ (జావా బయటి వనరులను వెతికే పద్ధతి) అనే వరుసను వెతికే రూల్ రాశాం. చూస్తుండగానే జే అనే అక్షరాన్ని ఇంకో ఫ్లవర్ బ్రాకెట్‌లో పెట్టి "దీన్ని చిన్న అక్షరంగా మార్చు" అనే మాటలో చుట్టి పంపడం మొదలైంది. ఆ చుట్టు విప్పేది లాగ్4జే మాత్రమే, మన రూల్ కాదు. ఎక్కడైనా పెట్టేవారు: యూజర్ ఏజెంట్‌లో, రెఫరర్‌లో, లాగిన్ పేరులో. వచ్చే అభ్యర్థనలో ఎన్ని వేషాలైనా వేయవచ్చు. కానీ దాడి ఫలించాలంటే లోపలి సర్వర్ బయటి ఎల్‌డాప్ (డైరెక్టరీ సేవ) సర్వర్‌కో, ఆర్ఎంఐ (దూరపు జావా కోడ్‌ను పిలిచే సేవ) సర్వర్‌కో తానుగా కనెక్ట్ కావాలి. అది లేకుండా కోడ్ లోపలికి రాదు. ఒక వెబ్ సర్వర్ బయటి ప్రపంచానికి ఎల్‌డాప్ మాట్లాడటానికి కారణమేముంది? లోపలి నుంచి బయటికి వెళ్లే దిశలో రాసిన ఆ చిన్న రూల్ మాకు చేసిన మేలు, లోపలికి వచ్చే దిశలో రాసిన పన్నెండు రూల్స్ చేయలేదు. ముందున్న వెబ్ ఫైర్‌వాల్‌కు అది కనబడదు. ఐపీఎస్‌కు కనబడుతుంది.


ఎర్రజెండా | బుధవారం, ఉదయం 8:10

బయటికి వెళ్లే దిశ విషయంలో మీతో తగువు లేదు. నా జెండా సగం దించుతున్నాను.


పాతఫాంటు | బుధవారం, ఉదయం 11:37

మైలురాయి గారి %ఈ0%8 రూల్ మీద చిన్న హెచ్చరిక. యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లతో, ఎనిమిది బిట్లతో నడిచిన తెలుగు పేజీలు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి. అక్కడ ఈ0 అంటే ఆ ఫాంట్ తయారుచేసినవారి ఇష్టం. దాని పక్కన ఏ బైట్ అయినా రావచ్చు. ఆ సర్వర్ల గుండా కూడా ఈ రూల్ నడిస్తే నిర్దోషులే దొరుకుతారు. నేను ఆ కాలపు పేజీలు ఇప్పటికీ చూసుకుంటున్నవాడిని, నవ్వకండి.


రాత్రికాపలా | శుక్రవారం, రాత్రి 10:40

ఆలస్యంగా రాస్తున్నాను, చేసి చూశాకే చెప్పాలనుకున్నాను.

పాత రూల్ తీసేసి %ఈ0%8, %ఈ0%9, %సీ0, %సీ1 అని నాలుగు రాశాను. అన్నీ రా యూఆర్ఐలో, నోకేస్‌తో, నెలకొన్న కనెక్షన్‌లో సర్వర్ వైపు వెళ్లే దిశకే. చర్య అలర్ట్. పంతులు గారు చెప్పిన ఈ దాడికి లొంగే సర్వర్ మా దగ్గర లేదు, కాబట్టి ఎవరో తలుపులు తట్టి చూస్తున్నారని తెలిస్తే చాలు. నిజంగా ఆపవలసిన వేరే రెండు రూల్స్‌కు మాత్రం డ్రాప్ బదులు రిజెక్ట్ (కనెక్షన్ తెంపే రీసెట్ పంపి ఆపడం) పెట్టాను. రీసెట్ పంపేది ఎవరికో జాగ్రత్తగా చూసుకున్నాను. కనెక్షన్ తెగిందని లోడ్ బ్యాలెన్సర్‌కు వెంటనే తెలుస్తోంది, కొత్తది తెరుచుకుంటోంది. ఎర్రజెండా గారి మాట ప్రకారం వాటిని ప్రాక్సీలోకి మార్చే పని వచ్చే వారం.

అసలు నా తప్పు ల్యాబ్‌లోనే ఉందని ఇప్పుడు అర్థమైంది. దాడిని పరీక్షించాను, "మామూలు పేజీలు" కూడా పరీక్షించాను. ఆ మామూలు పేజీలన్నీ నేను ఆంగ్లంలో కొట్టినవే. తెలుగు సైట్‌కు తెలుగులో ఒక్క పరీక్ష చేయలేదు. అందుకే ఈసారి మా సొంత ట్రాఫిక్‌లోంచి ఒక పని దినం ప్యాకెట్లను పీక్యాప్‌గా (ప్యాకెట్లను దాచే ఫైలుగా) పట్టి, సూరికాటాకు ఆఫ్‌లైన్‌లో తినిపించాను. తెలుగు, హిందీ, కన్నడ వెతుకులాటలు ఉన్నాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలూ ఉన్నాయి, నడుమ కనిపించని జీరో విడ్త్ గుర్తు వస్తుంది కదా, అది ఈ2 80 8సీ. ఒక్క తప్పుడు అలర్ట్ లేదు. పాత రూల్‌ను అదే పీక్యాప్ మీద నడిపితే తెర నిండిపోయింది, లెక్క పెట్టడం ఆపేశాను.

ఇంకో సంగతి దొరికింది. లాగ్‌లో దాడి చేసినవారి చిరునామా అన్నిచోట్లా మా లోడ్ బ్యాలెన్సర్‌దే. అసలు పంపినవారి చిరునామా మోసే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌ను సూరికాటా ఈవ్ లాగ్‌లో కలపమని సెట్ చేశాక అసలు చిరునామాలు కనబడుతున్నాయి. బయటి నెట్ నుంచి అని రాసిన రూల్స్ ఇన్నాళ్లూ ఎందుకు మౌనంగా ఉన్నాయో కూడా దానితోనే తెలిసింది. లోడ్ బ్యాలెన్సర్ మా హోమ్ నెట్‌లోనే (మావిగా రాసుకున్న చిరునామాల్లోనే) ఉంది, వాటి దృష్టిలో బయటివారు ఎవరూ రాలేదు.


జల్లెడ | శుక్రవారం, రాత్రి 11:05

ఆ చివరి పేరా కోసం వేరే చర్చ తెరవండి. నా దగ్గర కూడా అలాంటి మౌనవ్రత రూల్స్ ఉన్నాయేమో చూడాలి.


కొత్తచిగురు | శనివారం, ఉదయం 7:20

రా బఫర్‌కు మార్చాను, అలర్ట్ వచ్చింది! మైలురాయి గారికి కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. పోస్ట్ అభ్యర్థనలో శరీర భాగం ఎంతవరకు చూస్తుంది? పెద్ద ఫైలు చివర్లో ఏదైనా దాస్తే?


మైలురాయి | శనివారం, ఉదయం 8:55

మామూలు సెట్టింగ్‌లో 100 కేబీ వరకే. ఆ తర్వాతి భాగం రూల్స్ దాకా రాదు. పెంచవచ్చు, దానికి తగిన మెమరీ ఉండాలి. దాడి చేసేవారికి కూడా ఈ అంకె తెలుసు, ముందు చెత్త నింపి వెనక సరుకు పెడతారు. మీ సైట్‌లో ఫైలు ఎక్కించే పేజీ ఎన్ని కేబీల దాకా ఒప్పుకుంటుందో ముందు చూసి చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.


గోదారిగట్టు | శనివారం, ఉదయం 9:12

రాత్రికాపలా గారూ, ఒక్కటే అడగాలి. కొత్త రూల్స్ ఏ రోజు పెట్టారు?


రాత్రికాపలా | శనివారం, ఉదయం 9:30

బుధవారం పొద్దున, పది గంటలకు. టీ తాగి.